కప్పకు నీళ్లు, చాటకు గింజలు

ఆదోని నుండి ఎమ్మిగనూరు పోవు బాటకు ఇరుప్రక్కల చాలవరకు నల్లరేగడి నేల. ఆషాఢము వచ్చినను చినుకు రాలని యేట ఆ నేల నిలువునా నెరియలు విచ్చును. నెరియలో చేయి పెట్టినచో మోచేతి వరకు దిగును. అట్టి యొక యేట ఆ ప్రాంతమందలి ఒక పల్లెకు మేము ధ్వనిముద్రణ సామగ్రితో పోయినాము. వాన కొరకు స్త్రీలు పాడెడు కప్పతల్లి పాటను శ్రోతలకు వినిపింపవలెనని మా కోరిక. ఊరి పేరు చెప్పవలదని అచటివారు కోరినారు గనుక చెప్పము. కరువు ఊరని పేరు పడుట ఎవరికి ఇష్టము?

ఆ తంతు తెలుగునాట చాలమంది ఎరిగినదే. క్రొత్త చాటలో (కోస్తావారు చేట యందురు) వేపమండలు పరచి, ప్రాణముతో నున్న కప్పనొకదానిని దానికి కట్టుదురు. కొన్ని చోట్ల చాటకు బదులు రోకలికి కట్టి ఇద్దరు భుజములపై మోయుదురు. కరువునాడు కప్ప దొరకుటయే కష్టము. మేము చూచిన నాడు పిల్లలు బోరు దగ్గరి తొట్టి ప్రక్క చెమ్మలో ఉదయమంతయు వెదకి పట్టితెచ్చిరి. ఆ చాటను తలపై నెత్తుకొని ఆడువారును పిల్లలును ఇంటింటికి పోయి, కప్పతల్లికి స్నానము కావలెననియు, ఆమె కొరకైనను వానదేవుడు కొంచెము నీరీయవలెననియు పాడుదురు. ఇల్లాలు కడవతో వచ్చి కప్పపై నీళ్లు కుమ్మరించును. ఆ నీరు చాట అంచుల మీదుగా మోసెడి ఆమె తలపై, భుజములపై కారును. పిల్లలు ఆ తడిలో గంతులు వేయుదురు.

మా కార్యక్రమమునకు కేటాయించిన వ్యవధి నాలుగు నిమిషములు. పాటయు, నీళ్లు పడిన చప్పుడును, పిల్లల కేకలును చక్కగా వచ్చినవి. తరువాత జరిగినదంతయు కత్తిరించి ప్రసారము చేసితిమి. బాగున్నదని కొందరు శ్రోతలు ఉత్తరములు కూడ వ్రాసిరి.

మూడేండ్లకు మరల వానలు తప్పినవి. మరల ఆ పల్లెకే పోయినాము. మొదటిసారి పాటకు ముందుండి నడిపిన ముదుసలి మమ్ములను గుర్తుపట్టి, కుశలప్రశ్న లేమియు లేకుండ, "రేడియోలో ఇంటిమి సామీ. పాటను సగానికే ఇడిస్తిరి గదా. తల్లికి నీళ్లు పోయించుకొని ఉత్త చాటతో పంపిస్తిరి" అన్నది.

"తక్కిన సగములో పాట లేదు గదా, అవ్వా" అంటిమి.

"గింజలు పడేదే పాట సామీ" అన్నది ఆమె.

ఏమి కత్తిరించితిమో అప్పుడు జ్ఞాపకము వచ్చినది. నీళ్లు పోసిన పిమ్మట ప్రతి యిల్లాలును లోనికి పోయి, దోసెడో, మానెడో గింజలు తెచ్చి చాటలో పోయును. అది కార్యక్రమము ముగిసిన తరువాతి సంభావన వంటిదని మేము తలచితిమి. అట్లు తలచినది మేమొక్కరమే కాదు.

ఈ తంతును గూర్చి అచ్చులో వచ్చిన వర్ణనలలో పేరుపొందినది ఎడ్గర్ థర్‌స్టన్‌ది. మద్రాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు అధికారిగా నుండిన ఆయన, కె. రంగాచారి తోడ్పాటుతో, దక్షిణ హిందూదేశపు కులములను తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు వెలువరించెను. కాపు స్త్రీలు కప్పను క్రొత్త చేటకు కట్టి వీధుల త్రిప్పుటయు, పాటయు, ఇల్లాలు నీళ్లు పోయుటయు, భిక్ష వేయుటయు అన్నియు అందున్నవి. జేమ్స్ ఫ్రేజర్ పండితుడు ఆ వర్ణనను తన 'గోల్డెన్ బౌ' అను ఉద్గ్రంథములోనికి గైకొనెను. కప్పకును నీటికిని సంబంధమున్నదని జనులు నమ్ముదురు. కావున కప్పను తడిపినచో ఆకాశము కూడ తడియునని వారి యూహ. ఇది అనుకరణచేత ఫలమును రప్పించు మంత్రతంత్రము: ఇది ఆయన తెచ్చిన అర్థము. ప్రపంచమందలి ఎన్నో జాతుల వాన తంతులతో దీనిని జతపరచినాడు. కాదనుటకు వీలులేని పాండిత్యమది. కాని నీళ్లును భిక్షయు ప్రక్కప్రక్కనే యున్నను, ఆయన వాదమునకు నీళ్లతోనే పని. భిక్ష ఊరకే మిగిలిపోయినది. మా కత్తెరయు ఫ్రేజరుగారి కత్తెరయు ఒక్కచోటనే పడినవి.

కప్పల పాటకు అర్థము చెప్పుటలో తికమక క్రొత్తది కాదు. ఋగ్వేదము ఏడవ మండలమున 103వ సూక్తము మండూక సూక్తము. వానకాలపు కప్పల అరుపులను వేదము వల్లించు బ్రాహ్మణుల కంఠములతో అది పోల్చును. ఇది బ్రాహ్మణులపై హాస్యమని మాక్స్ ముల్లర్ తలచెను. కాదు, వాన కొరకు చదివిన మంత్రమేయని 1896లో బ్లూమ్‌ఫీల్డ్ అను అమెరికా పండితుడు వాదించెను. నిజమునకు మన యాస్కుడు నిరుక్తమున ఎప్పుడో చెప్పియున్నాడు: వసిష్ఠుడు వాన కోరి పర్జన్యుని స్తుతింపగా కప్పలు ఆయనను మెచ్చుకొన్నవట, తనను మెచ్చిన కప్పలను ఆయన స్తుతించెనట. మేము గమనింపదలచినది వేరొకటి. ఆ సూక్తమున పది ఋక్కులు. కడపటి ఋక్కు నీటిని అడుగుటతో ఆగలేదు. వందల ఆవులను, సంపదను, దీర్ఘాయువును కప్పలే ఇచ్చునట్లు పలుకును. కప్పతో మొదలైన మాట అంతటి ప్రాచీన కాలముననే ఇంటిలోని కలిమి దగ్గరకు వచ్చి ఆగినది.

ఇక మన వైపు తత్త్వార్థము చెప్పువారు వేరొక దారి పట్టుదురు. కప్ప జీవుడట, చాట సారాసార వివేకమట, నీళ్లు గురుకృపయట. ఇట్టి వ్యాఖ్యానమును ఒక పెద్దమనిషి నోట మేమే విన్నాము. తప్పని యనము, కాని ఏ పాటకైనను ఇటువంటి అర్థము తొడుగవచ్చును. వాన వచ్చిన యేట ఈ పాట ఏల పాడరను ప్రశ్నకు అందు సమాధానము లేదు.

ఆ సమాధానము పనిముట్లలో నున్నదని మా యభిప్రాయము. కప్పను మోయుటకు పల్లకి లేదా? బుట్ట లేదా? చాటయే ఏల? రోకలియే ఏల? చాట గింజలు చెరుగునది. రోకలి గింజలు దంచునది. రెండును ఇంటిలో గింజ యున్నప్పుడే పని గలవి. కరువు వచ్చిన యింట మొదట ఊరకుండునవి ఇవియే. పనిలేని చాటను, పనిలేని రోకలిని పట్టపగలు నడివీధిలో మోసికొనిపోయి, గింజలున్న యింటి ముందు నిలుచుట యన్నది నోటితో చెప్పకుండ చెప్పుటయే గదా. నోరు కప్పకు నీళ్లడుగును. చాట గింజ లడుగును.

ఈ సీమలో ఆ మాటను నోటితో అడుగుట ఏల కష్టమో తెలియవలెనన్న పాతర సంగతి తెలియవలెను. పడమటి కర్నూలు ప్రాంతమున ఏటా పడు వాన 60 సెంటీమీటర్లకు అటునిటు, అదియు నమ్మకములేనిది. నైరృతి మేఘములు పడమటి కనుమల ఆవలనే చాలవరకు ఖాళీయగును. ఈశాన్యపు మేఘములు ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. అందుచేత పూర్వము పండిన యేటి జొన్నలను ఎండిన యేటికి దాచుట ఇచటి సంసారమునకు మొదటి సూత్రము. వాకిటనో, వీధిలోనో నేలను లోతుగా త్రవ్వి, లోపల జొన్నచొప్ప పరచి, గింజలు నింపి, మూతి మూసి మన్ను కప్పుదురు. అది పాతర. జొన్నలు అందులో కొన్ని సంవత్సరములు నిలుచును. తెరచిన వెంటనే ఎవరును లోపలికి దిగరాదు, చెడుగాలి పోవలెను. ఎవరి పాతర ఎక్కడ నున్నదో ఊరందరికి తెలియును. తెరచుట మాత్రము యజమాని యిష్టము. ధర ఇంకను పెరుగునని అతడు ఆగవచ్చును. సేద్యము చేసికొని బ్రతికిన రైతుబిడ్డ పొరుగువాని వాకిట నిలిచి, పాతర తీయుమని చేయి చాపుట యెట్లు? అడిగినవానికి అవమానము, లేదన్నవానికి పగ. అందుకే ఆ మాటను కప్పతల్లి మోసినది. కప్పను మోయునది బిచ్చగత్తె కాదు, ఊరి కొరకు వ్రతము పట్టినది. ఆమె చాటలో గింజలు వేయుట దానమనిపించుకొనదు. వానకు తన వంతు చెల్లించుట యనిపించుకొనును. ఇచ్చినవాడు పెద్దరికమునకు పోడు. పుచ్చుకొన్నది చిన్నబోదు.

ఈ పాట విలువ యెట్టిదో 1876వ సంవత్సరము చూపినది. ఆ యేడు ధాత. నైరృతి, ఈశాన్య ఋతుపవనములు రెండును మొగము చాటువేసినవి. జనుల నోట అది నేటికిని ధాత కరువు. 1871 జనాభా లెక్కలలో కర్నూలు మండలమున 9,14,432 మంది యుండగా, 1881 లెక్కలలో 6,78,551 మంది మిగిలిరి. నలుగురిలో ఒకరు లెక్కకు రాలేదన్నమాట. కొందరు వలసపోయినవారు, ఎక్కువమంది చనిపోయినవారు. ఆదోని, ఎమ్మిగనూరులు ఆనాడు బళ్ళారి మండలములోనివి (1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు గాని అవి కర్నూలుతో కలియలేదు), బళ్ళారి పాట్లును ఇంతకు తక్కువవి కావు. మద్రాసు రైలుమార్గము అప్పటికి అయిదేండ్ల క్రిందటనే, 1871లో, ఆదోని మీదుగా రాయచూరు చేరియుండెను. రైలు ధాన్యమును తేగలదు. కొనుటకు డబ్బు తేలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకు లోపు, దానిపై కొంత చిల్లర చాలునని నిర్ణయించెను. అది పనిచేయు మనుష్యుని ప్రాణము నిలుపదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ పోరాడెను. ఈ లోపల పల్లెలలో జరిగినదేమి? డేవిడ్ ఆర్నాల్డ్ అను చరిత్రకారుడు ఈ కరువుపై 1984లో ప్రకటించిన వ్యాసమున దానిని పరిశీలించినాడు. వాన తంతులు ఒకప్రక్క. కలవారు ఆదుకొనవలెనను ఎదురుచూపు మరియొకప్రక్క. ఆ యెదురుచూపు వమ్మైన చోట్ల అంగళ్లపై, ధాన్యపు నిలువలపై జనము విరుచుకుపడుట మూడవది. కర్నూలు, బళ్ళారి, కడప మండలములు మూడింటను అట్టి దోపిడులు జరిగినవి.

చరిత్రకారులు తంతులను మతవిశ్వాసముల క్రిందను, దోపిడులను అల్లరుల క్రిందను వేరువేరుగ వ్రాయుట పరిపాటి. అవ్వ మాట విన్న తరువాత మాకు అవి రెండును ఒక్క వాకిటనే జరిగినట్లు తోచినవి. పాట వినిపించుకొని తలుపు తెరచినంతవరకు అది వానపాట. తలుపు తెరవనప్పుడు వచ్చునది గడ్డపార.

తెరచినవారు లేకపోలేదు. 1866 కరువున కోవెలకుంట్ల ప్రాంతపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గింజలను గాదెలలో నుంచుకొనక వేలమందికి అన్నము పెట్టినాడు. ఆయనపై కట్టిన పాట ఈ సీమ నాలుగు చెరగుల నేటికిని వినబడును. ఆ పాటలో మరుగేమియు లేదు. ఊరి పేరు, మనిషి పేరు, చేసిన పని అన్నియు విప్పి చెప్పినదే. రెండు పాటలను ప్రక్కప్రక్కన పెట్టి వినవలెనని శ్రోతలకు మా మనవి. ఒకటి పెట్టినవానిని గూర్చిన పాట గనుక పేరు చెప్పినది. రెండవది ఇంకను పెట్టనివాని ముందు పాడినది గనుక పేరు చెప్పలేదు.

కప్పతల్లి ఒక్కతెయే గాదు. బళ్ళారి సీమలో జోకుమారుడను మట్టిబొమ్మను గంపలో వేపాకుల నడుమ పెట్టి ఇంటింటికి త్రిప్పుదురు. అచటను గింజలే గంపలో పడును. ఇక చదువుకొన్నవారి తంతు విరాటపర్వము. దానిని పఠించినచో వాన వచ్చునని తెలుగువారి నమ్మకము. ఏల వచ్చును? పాండవుల జాడ చెప్పుమని అడిగినప్పుడు భీష్ముడు ఆ పర్వమున ఒక గుర్తు చెప్పినాడు: ధర్మరాజున్న దేశమున మేఘములు కాలమునకు వర్షించునని. వానను వెదకువాడు ధర్మము ఎక్కడ నున్నదో వెదకవలెనని అర్థము. అరుగుపై పురాణము చదివించు పెద్దరైతునకు పండితుడు ఆ మాట తిక్కన పద్యములలో చెప్పును. వీధిలో ఆడువారు అదే మాటను అతని వాకిటనే చాట ఎత్తి చెప్పుదురు. రెండింటిలో ఏది అతని చెవికి ముందుగా ఎక్కునో చెప్పలేము.

మేమీ అర్థము చెప్పినంతమాత్రమున ఆ స్త్రీలు వానను నెపముగ పెట్టుకొని గింజలకు వచ్చిరనుట కాదు. వాన వారికి నిజముగనే కావలెను. కప్పకు నొప్పి తగులకుండ ముడి ఎంత మెల్లగా వేయుదురో, తంతు ముగిసిన పిమ్మట దానిని ఎంత భద్రముగ బావిలో విడుతురో చూచినవారెవరును అట్లనరు. వానయు గింజయు వారి మనస్సున రెండు కావు.

ఇప్పుడు పాతరలు పూడిపోయినవి. తుంగభద్ర దిగువ కాలువ కొన్ని ఊళ్లకు నీరిచ్చినది. కాలువ అందని ఊళ్లకు ఆకాశమే దిక్కు. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చిన తరువాత చౌకదుకాణపు సంచి పాతరకు బదులైనది. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు ప్రాంతములవారు మిరప కోతకు, ప్రత్తి ఏరుటకు గుంటూరు వైపు మూటముల్లెలతో పోవుదురు. దానికి సుగ్గికి పోవుట యని పేరు. సుగ్గి యనగా పంటకాలము. తమ యింట లేని సుగ్గిని ఇతరుల చేలలో వెదకికొనుట.

రెండవసారి మేము పాటను మొదటినుండి తుదివరకు ముద్రించితిమి. నేతపనివారి యిండ్ల ముందు నీళ్లు ధారాళముగ పడినవి, గింజలు పలుచగ పడినవి. ఎవరును దానిని పట్టించుకొనలేదు. మూడిండ్లకు తాళములున్నవి. ఆ వాకిండ్లను కూడ దాటిపోక నిలిచి పాడిరి. ప్రక్కింటివారు ఆ యింటి పేర నీళ్లు పోసి, ఆ యింటి పేరనే గింజలు వేసిరి. ఒక మేడ ముందు మాత్రము తలుపు వెంటనే తెరువబడలేదు. తక్కిన చోట్ల రెండు నిమిషములు పాడినవారు అచట పది నిమిషములు పాడిరి. గొంతులు పెరుగలేదు, తిట్టు లేదు, అదే పాట మరల మరల. తుదకు ఒక కోడలు పిల్ల బిందెతోను, వెనుకనే ఆమె అత్త సంచితోను వచ్చిరి. ఆ పది నిమిషములను తగ్గింపుమని మాతోటివారు సలహా యిచ్చినను ఈమారు మేము కత్తెర ముట్టలేదు.

చాటలో పడినవి చాలవరకు చౌకదుకాణపు బియ్యమే. అచ్చటచ్చట కొన్ని కొర్రలు, పిడికెడు జొన్నలు. సాయంత్రము ఊరిబయట గుడి దగ్గర కొంత వండిరి. మేడవారును వచ్చి అదే పంక్తిలో కూర్చుండిరి. ఆనాడు ఎవరి యింట పొయ్యి వెలిగినదో, ఎవరి యింట వెలుగలేదో ఆ పంక్తిని చూచి కనుగొనుట మా తరము కాలేదు. మిగిలిన గింజలు చీకటి పడిన తరువాత కొన్ని యిండ్లకు చేరినవి. ఎవరెవరి యిండ్లకని మేమడుగలేదు, అవ్వ చెప్పనులేదు.

వాన ఆ వారము రాలేదు. రెండు వారములు గడచిన తరువాత గాని చెప్పుకోదగిన పదును పడలేదు. ప్రసారపు తేదీ తెలుపుటకు ఫోను చేసినప్పుడు, అవ్వతో ఆ మాట కొంచెము పరిహాసముగ అంటిమి: తల్లి ఆలస్యము చేసినది గదా యని.

"అంతదంకా తినేకి ఉండె గదా సామీ" అన్నది ఆమె.